కోతిమలుపు దాటని బండి

శుద్ధ విదియ

కొత్తరేవు ఊరి బండి దినచర్య ఇది. రాస్తున్నది హైమవతి, బండి బాధ్యురాలు. ఒకప్పుడు రసాయన శాస్త్రం లెక్చరర్ని. కాలేజీ సముద్రంలో కలిసిపోయింది గాని నా స్వభావం కలవలేదు. కమిటీ వారు ఈ పుస్తకం చేతికిస్తూ జరిగింది జరిగినట్టు రాయమన్నారు. వాళ్లు మర్యాదకి అన్నారు. నేను అమలు చేస్తాను.

పొద్దున్నే గాలిమెట్ట కొండ మీంచి అద్దం మెరుపుల్లో కబురు వచ్చింది. కంటి ఓడ దిగిందట. కొండ కొనకి కట్టేసిన ఆ గాలి ఓడలోనే డాక్టరమ్మ, పడకలు, పనిముట్లు అన్నీ ఉంటాయి. పౌర్ణమి దాకా ఉండి, వెన్నెల్లో తాళ్లు విప్పుకొని ఉత్తరానికి పోతుంది. మళ్లీ ఎప్పుడొస్తుందో నడిపేవాళ్లకే తెలియదు. కిందటిసారి వచ్చినప్పుడు మా మనవరాలు తనూజకి పాలపళ్లు ఊడుతున్నాయి. ఇప్పుడది బండి నడుపుతోంది.

ఈసారి మా ఊరి నుంచి పైకి వెళ్లాల్సింది ఒక్కరే, మా వియ్యంకుడు పైడయ్య. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. ఇప్పసారా బట్టీ ఆయనది. మా దీపాలు, పొయ్యిలు, బండి, అన్నీ ఆ సారాతోనే నడుస్తాయి. ఆయన మంట రంగు చూసి సెగ సరిచేసేవాడు. ఇప్పుడు సెగ ఎంతుందో తెలుసుకోవడానికి మొహమే దగ్గర పెడుతున్నాడు. అందువల్ల ఆయనకి కనుబొమలు లేవు. ఈ ఓడ తప్పిపోతే బట్టీ ఇంకొకరికి అప్పగిస్తామని కమిటీ వారు మెత్తగా చెప్పారు. ఎంత మెత్తగా చెప్పినా అది ఆయనకి అన్నం మానేయమని చెప్పడమే.

డోలీలో మోసుకెళ్దామంటే మోసే వయసు వాళ్లంతా పడవలేసుకొని వేటకి పోయారు. అమావాస్య దాకా రారు. ఎండతో నడిచే బళ్లు మెట్టెక్కే ఘాటీ రోడ్డు మొదట్లోనే మొరాయిస్తాయి. మిగిలింది దొరసాని.

దొరసాని అంటే మా కారు. సముద్రం పైకి రాకముందు తయారైంది. లోపల ఒక ఆడగొంతు ఉంది. ఎవరితోనూ కలవదు, ఎప్పుడూ తప్పు ఒప్పుకోదు, అందుకే ఆ పేరు. ముందటి అద్దం పైన దానికొక కన్ను కూడా ఉంది. రెండేళ్ల కిందట మా వాళ్లు భక్తి కొద్దీ ఆ కంటికి అడ్డంగా పసుపు పూసి బొట్టు పెడితే, "ముఖభాగంపై పదార్థాలు పూయరాదు" అని ప్రకటించి, కడిగేదాకా కదల్లేదు. అప్పటి నుంచి దాని మొహం జోలికి ఎవరూ పోలేదు. నాకు పూజల మీద నమ్మకం లేదు కాబట్టి ఆ రోజు దొరసాని పక్షం వహించాను. మా ఇద్దరికీ అభిప్రాయం కలిసింది అదొక్కసారే.

పైడయ్యని ఎక్కించే ముందు ఘాటీ ఒకసారి చూసి వద్దామని మధ్యాహ్నం నేను, తనూజ బయలుదేరాం. నడిపేది అది, తిట్టేది నేను. సాగనంపడానికి ఊరంతా వచ్చి బండి వెనక గుమిగూడారు. చదునులో దొరసాని గుర్రంలా పోయింది. ఘాటీలో మొదటి మలుపులు కూడా బాగానే ఎక్కింది. కోతిమలుపు దగ్గర, రోడ్డు నిచ్చెనలా నిలబడే చోట, దగ్గి, వణికి, ఆగిపోయింది. కోతులు చూడటానికి వచ్చాయి.

కాసేపు ఊరుకుంటే మళ్లీ స్టార్టయింది. నాలుగు గజాలు ఎక్కి మళ్లీ ఆగింది. ఏమైందని దొరసానిని అడిగాను.

"వాహనం సంపూర్ణ ఆరోగ్యంతో ఉంది. చోదకులు తమ అలవాట్లను సమీక్షించుకోవలసిందిగా మనవి."

తనూజ స్టీరింగు మీద తల పెట్టుకొని నవ్వింది. వెనక్కి జార్చుకుంటూ ఇంటికి వచ్చాం.

చవితి

ఎక్కువ బరువు మోసేటప్పుడే ఆగుతోందంటే ఇంజనుకి చాలినంత సారా అందడం లేదు, లేదా అందేది సారా కాదు. ముందు రెండోదాన్నే అనుమానించాను. సారా కాకపోతే నీళ్లు. నీళ్లెలా వచ్చాయన్న ప్రశ్నకి ఈ ఊళ్లో ఒక్కటే జవాబు. ఎవరో తాగారు, తాగినంతా నీళ్లతో నింపారు.

బట్టీకి వెళ్లి ఈ మాట మర్యాదగానే అన్నాను. కమిటీలో ఉన్న బంగారమ్మ కూడా అక్కడే ఉంది. నేను అన్నది మర్యాదగా లేదని తర్వాత చెప్పింది. పైడయ్య నా గొంతు వచ్చిన దిక్కుకి మొహం తిప్పాడు.

"నా సారాలో నీళ్లు కలిపినోడుంటే ఆడు నా కొడుకు కాడు సెల్లెమ్మా. నీ అల్లుడే అయ్యుంటాడు."

ఆయన కొడుకూ నా అల్లుడూ ఒకడే. వాడు వేటకి పోయి నెల కావస్తోంది కాబట్టి పాపం వాడి మీద కేసు నిలవదు.

పరీక్ష చేశాను. ట్యాంకు లోంచి తీసిన సారా ఇనప గరిటెలో పోసి, ఎండలో గచ్చు మీద పెట్టి వెలిగించాను. మంట ఎండలో కనపడలేదు గాని చెయ్యి దగ్గర పెడితే తెలిసింది. నీళ్లు కలిసి ఉంటే సారా కాలిపోయాక గరిటెలో మిగలాలి. చుక్క మిగల్లేదు. గరిటె అడుగున కాస్త మసి మాత్రం అంటుకుంది. బాగా తోమని గరిటె అని తనూజని కేకలేశాను.

పైడయ్య సారా శుభ్రం. నేనన్న మాట వెనక్కి తీసుకున్నాను. అన్న మాటని మాత్రమే, అనుమానాన్ని కాదు.

షష్ఠి

మళ్లీ బయలుదేరాం, ఈసారి పైడయ్యని కూడా ఎక్కించుకొని. చల్లటి పొద్దున పూట, వెనక సామాను లేకుండా, కిటికీలు మూసి, ఏసీ అనే ఆ పాత దుబారా కట్టేసి. అదే మలుపు, అదే దగ్గు, అవే కోతులు. పిల్లకోతి ఒకటి బానెట్టెక్కి కూర్చుంది. దొరసాని దాన్ని "గౌరవనీయ వినియోగదారు" అని సంబోధించింది.

పైడయ్య వెనక సీట్లో కులాసాగా ఉన్నాడు. "రాసిపెట్టి లేదమ్మా, పోదాం పదండి" అన్నాడు. కళ్లు రావేమోనని బెంగపడాల్సినవాడు బండి ఆగిందని సంబరపడటం నాకు నచ్చలేదు.

ఇంకోటి కూడా నచ్చలేదు. పొద్దున బయలుదేరే ముందు తనూజ ఆయన్ని చెయ్యి పట్టుకొని తీసుకొస్తుంటే, విడిపించుకొని, బండిని తడుముకుంటూ వెనక్కి వెళ్లి, అక్కడ కాసేపు నిలబడ్డాడు. ఏం చేస్తున్నారని అడిగితే దొరసానికి దణ్ణం పెట్టుకుంటున్నానన్నాడు. దణ్ణం మొహానికి పెడతారు. వెనక్కి ఎవరు పెడతారు?

కంట్లో కత్తి పెడతారని ఆయనకి భయం. నాకు తెలుసు. భయపడినవాడు బండి ఆగిపోవాలని కోరుకోవచ్చు. కోరుకున్నవాడు ఆగేలా చేయనూ వచ్చు. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. ఒకసారి అని గరిటె చేతిలో ఓడిపోయాను.

ఇంటికొచ్చాక మిగిలినవి చూశాను. ప్లగ్గులు శుభ్రంగా ఉన్నాయి, నిప్పురవ్వ పడుతోంది. గాలి లోపలికి లాగే డబ్బాలో ఉడత గూడు లేదు, కిందటేడు ఉండేది. తాళం తిప్పగానే వెనక సీటు కింద సన్నగా జుయ్యిమంటోంది, అంటే సారాని తోసే పంపు బతికే ఉంది. పంపు తోస్తోంది, ఇంజను అడుగుతోంది, మధ్యలో ఎక్కడో ఎవరో గొంతు పట్టుకున్నారు. మధ్యలో ఉండేది ఫిల్టరు.

సప్తమి

ఫిల్టరు ఎక్కడుందని దొరసానిని అడిగాను.

"ఈ వాహనంలోని ఇంధన వడపోత భాగం జీవితకాలం మన్నుతుంది. దానిని వెతకనవసరం లేదు."

ఎవరి జీవితకాలమని అడిగాను. ఆ ప్రశ్న తన పరిధిలో లేదంది. సహాయం కోసం దగ్గరలోని అధీకృత సేవా కేంద్రానికి దారి చూపమంటారా అంది. చూపమన్నాను. ఉత్సాహంగా దారి చెప్పింది. రేవు దాకా తిన్నగా వెళ్లి, పడవలు కట్టే చోట ఆగకుండా ముందుకు సాగమంది. సేవా కేంద్రం సముద్రం అడుగున ఉంది. పని వేళల్లో వెళ్లమని కూడా చెప్పింది.

ఈ పూటకి ఇక మాట్లాడను. మాట్లాడితే రాయాల్సి వస్తుంది.

అష్టమి

బండి చెప్పకపోతే పైపు చెబుతుంది. క్లాసులో పిల్లలకి ఎప్పుడూ చెప్పేదాన్ని, గొట్టాన్ని వేలితో పట్టుకొని వెనక్కి నడవండి, ఎక్కడో ఒకచోట నిజం తగులుతుందని. బానెట్టు ఎత్తి, ఇంజనులోకి దిగే సన్నపైపు దగ్గర మొదలుపెట్టాను. అది గోడ పక్కగా కిందికి దిగి, బండి పొట్ట కిందకి పోయింది. నేనూ పోయాను. చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టించి, ముందు చక్రాల్ని ఏటవాలు బల్లల మీదకి ఎక్కించి, చాప వేసుకొని వెల్లకిలా పడుకున్నాను. బంగారమ్మ ఈ వయసులో ఇదేం పని అంది. పని వయసు చూసుకొని రాదని చెప్పి కాళ్లు కూడా లోపలికి లాక్కున్నాను.

పైపు బండి పొడుగునా పోయింది. వెనక చక్రానికి కాస్త ముందు, చట్రం పక్కన, మట్టి పేరుకొని ముద్దలా ఉన్నదాంట్లోకి దూరింది. గీకితే లోపల ఇనప డబ్బా. పెద్ద గ్లాసంత ఉంది. ఒక మూతి లోంచి పైపు వస్తుంది, రెండో మూతి లోంచి పోతుంది. డబ్బా మీద ఒక బాణం గుర్తు, సారా ఏ దిక్కుకి పోవాలో చూపిస్తూ. ఇంజను వైపుకే ఉంది. జీవితకాలం మన్నే భాగం తుప్పు పట్టి ఉంది.

విప్పే ముందు చేయాల్సినవి చేశాను. పంపు ఫ్యూజు తీసేసి, ఇంజను దానంతటది ఆగిపోయేదాకా నడిపించాను, పైపులో ఒత్తిడి పోవడానికి. బ్యాటరీ తీగ ఊడదీశాను. చుట్టలు కాల్చేవాళ్లని వీధి చివరికి తరిమాను. కింద గిన్నె పెట్టి, క్లిప్పులు నొక్కి, డబ్బాని బయటికి తీశాను. సారా మోచేతి దాకా కారింది. ఆ వాసనకి ఇద్దరు కమిటీ సభ్యులు దగ్గరికొచ్చి పరామర్శించారు.

మంచి ఫిల్టరైతే ఒక మూతిలో ఊదితే రెండో మూతి లోంచి గాలి ధారాళంగా రావాలి. నా ఊపిరి బలహీనమని సాకు రాకుండా, జీవితమంతా బట్టీ ఊదిన మనిషినే పిలిపించాను. ఊదమన్నాను. పైడయ్య డబ్బాని నోటికి పెట్టుకొని, అలవాటు ప్రకారం పీల్చాడు.

పొలమారడం తగ్గాక ఊదాడు. బుగ్గలు బూరెల్లా ఉబ్బాయి, చెవులు ఎర్రబడ్డాయి. అటు వైపు నా అరచేతికి గాలి తగల్లేదు.

"మూసుకుపోనాదే" అన్నాడు. తర్వాత పెదాలు చప్పరించాడు. మొహం మారిపోయింది. డబ్బా నాకిచ్చేసి, కర్ర తడుముకుంటూ ఇంటికి వెళ్లిపోయాడు. భోజనానికి పిలిస్తే రాలేదు.

నవమి

పొద్దున్నే డబ్బాని ట్యాంకు వైపు మూతి కిందికి వచ్చేలా పట్టుకొని, తెల్లటి పళ్లెంలో తట్టాను. పచ్చటి ముద్ద పడింది. రంపపు పొడి అనుకున్నాను, తుప్పు అనుకున్నాను. వేలితో రాసి వాసన చూశాను. పసుపు.

వెనక సీటు ఎత్తించాను. దాని కింద ఒక రేకు మూత, మూత కింద పంపు. పంపు కాలికి ఉండే జల్లెడ సంచిని బయటికి లాగాం. అందులోంచి అక్షింతలు రాలాయి. ట్యాంకు అడుగున దీపం వేసి చూడకూడదు కాబట్టి అద్దంతో ఎండని లోపలికి మళ్లించి చూశాను. ఒక చిన్న పెళ్లి చేయడానికి సరిపడా ఉంది. పసుపు, బియ్యం, చామంతి రేకులు, ఒక తమలపాకు ఈనె. సారా పసుపులోని రంగునే కరిగించుకుంటుంది, నల్లటి గరిటెలోనూ బండి కింద నీడలోనూ ఆ రంగు నాకు తెలియలేదు. పిండి కరగదు. చదునులో నెమ్మదిగా పోయేటప్పుడు అడుగున పడుకొని ఉంటుంది. ఘాటీలో ఇంజను గట్టిగా లాగేసరికి లేచి ఫిల్టరు మీద పూతలా అతుక్కుంటుంది. బండి ఆగితే లాగడం ఆగుతుంది, పూత కాస్త వదులవుతుంది. గరిటె అడుగున అంటుకుంది మసి కాదు. తనూజని అనవసరంగా కేకలేశాను. ఇది కూడా రాస్తున్నాను.

ఊరందరినీ పిలిచి పళ్లెం చూపించాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యం నా ఒక్కదానికే మిగిల్చారు. దొరసాని మొహానికి రాయొద్దంది కదా, ఆ సంగతి అక్కడ మొదలైంది. ప్రయాణానికి ముందు పసుపు పెట్టకుండా బండి కదిలితే ఎలా? మొహం కాదంటే నోరు ఉంది. ట్యాంకు మూత వెనక ఎడమ పక్కన ఉంటుంది, అక్కడ దొరసానికి కన్ను లేదు. ముందు సీట్లో కూర్చొని దొరసానితో పోట్లాడుకుంటూ ఉంటాను కాబట్టి నాకూ లేదు. ఎవరు ఊరు దాటినా తలో చిటికెడు వేశారు. నాకెందుకు చెప్పలేదంటే, నేను తిడతానని. ఆ అంచనా మాత్రం సరైందే.

ట్యాంకు నింపేది తనూజ కదా, అది చూడలేదా అని దాని వైపు తిరిగాను. అది ఆకాశం చూసింది. నావిక పరీక్షకి వెళ్లేటప్పుడు తను కూడా వేసిందట. నా దగ్గర ఇన్నేళ్లు రసాయన శాస్త్రం చదివిన పిల్ల. ఆ పరీక్షలో అది మొదట వచ్చింది. ఆ సంగతి గుర్తు చేయకపోతే బాగుండేది.

సాయంత్రం పళ్లెం పట్టుకొని పైడయ్య ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చున్నాడు. డబ్బా పీల్చినప్పుడే రుచి తెలిసిందన్నాడు. అందరూ చిటికెడే వేశారు, తను మాత్రం మూడు పూటలా వేశాడట, కంటి ఓడ కబురు వచ్చిన దగ్గర నుంచి, బండి షెడ్డులో ఉన్నా, రోజూ తడుముకుంటూ వెళ్లి. గుప్పిళ్లతో.

"భయమేసీసింది సెల్లెమ్మా. కంట్లో కత్తెడతారంట. ఆ తల్లికి సెప్పుకోవాల గదా. దొరసాని మొకం కాదన్నాది. మరెక్కడ సెప్పుకోమంటావు?"

బండి ఆగితే సంబరపడ్డారెందుకని అడిగాను.

"ఆగినపుడల్లా, ఈ పూటకి కత్తి లేదనుకున్నాను. ఇంటికొచ్చి, రేపైనా ఎక్కాలని మళ్లీ ఏసీసినాను."

రెండూ నిజమేనని గొంతు వింటే తెలిసింది. ఈయన బండి ఆపాలని చూశాడని అనుకున్నాను. ఎక్కించాలని చూసి ఆపాడు. తిట్టడానికి వెళ్లినదాన్ని, పళ్లెం ఆయన ఒళ్లో పెట్టి, పౌర్ణమికి ఇంకా టైముందని చెప్పి వచ్చేశాను.

ఏకాదశి

నిన్నా ఇవాళా శుభ్రం చేయడమే పని. ట్యాంకులో సారా అంతా తోడి, నాలుగు మడతల పంచెలో వడకట్టాం. బంగారమ్మ ఫిల్టరుని వేడినీళ్లలో నానబెడదామంది. మంచి మనసుతోనే అంది. పసుపుపిండి వేడినీళ్లలో ఉడికితే గంజి అవుతుంది, లోపలి కాగితం మడతలు అతుక్కుపోతాయి, తర్వాత ఆ డబ్బాని పేపరు వెయిట్‌గా వాడుకోవచ్చు. అలా కాకుండా, చల్లటి శుభ్రమైన సారానే బాణానికి ఎదురుగా పంపించాం. ఇంజను వైపు మూతికి చేలకి మందు కొట్టే చేతిపంపు తగిలించి, ట్యాంకు వైపు నుంచి బయటికి వచ్చేలా. మొదట పచ్చగా వచ్చింది, తర్వాత లేతగా, చివరికి తేటగా. వచ్చిందంతా పారబోయమంటే కమిటీ సభ్యులు పారబోసే చోటు తామే చూసుకుంటామన్నారు. వాళ్ల నాలుకలు ఇంకా పసుపుగా ఉన్నాయి.

కొత్త ఫిల్టరు కాదు. ఒకటి రెండుసార్లు ఘాటీ ఎక్కడానికి పనికొస్తుంది. నీడలో ఆరబెట్టాను.

ఇక అసలు సమస్య. ట్యాంకులో పసుపు వేయరాదని బోర్డు రాయించవచ్చు. దొరసాని అలాగే నిషేధించింది, దాని ఫలితం పళ్లెంలో చూశాను. తోసే పంపు ఉన్నప్పుడు ఒక మూతి మూస్తే ఇంకో చోట పగులుతుంది. భక్తికీ పంపు ఉంది, చాలా గట్టిది. కాబట్టి మూయకుండా మళ్లించాలి.

బండి రెండో పక్కన, కుడి వైపు, రేకుకి గుండ్రంగా కన్నం కొట్టించాను. మూల పడిన బండి నుంచి ఊడదీసిన మూత దానికి బిగించాను. వెనక ఒక గొట్టం. గొట్టం చివర ఇత్తడి గిన్నె, కింద నుంచి తీసుకునే వీలుగా. ఊరి వాళ్లకి ఇలా చెప్పాను: ఎడమ వైపుది దొరసాని తాగే నోరు, కుడి వైపుది తినే నోరు. ఒక్కరూ ప్రశ్న వేయలేదు. ఇన్నేళ్లు పాఠాలు చెప్పాను, ఇంత సులభంగా ఒప్పుకున్న క్లాసు ఇది ఒక్కటే.

త్రయోదశి

తెల్లారగానే బయలుదేరాం. సాగనంపడానికి వచ్చినవాళ్లు ఈసారి కుడి వైపు వరస కట్టారు. మూత తీయడం, వేయడం, మూయడం, దణ్ణం. నేను ముందు సీట్లో కూర్చొని చూడనట్టు చూశాను. పైడయ్య వంతు వచ్చింది. తనూజ ఆయన చెయ్యి పట్టుకొని మూత మీద పెట్టింది. గుప్పెడు వేశాడు.

కోతిమలుపు ముందు తనూజ నా వైపు చూసింది. కాలు గట్టిగా నొక్కమన్నాను. రోడ్డు నిచ్చెనలా లేచింది. దొరసాని ఒకసారి మూలిగింది. వెనక సీట్లో అంతదాకా తల్లీ తల్లీ అని మొక్కుతున్న పైడయ్య ఆ పిలుపు ఆపేశాడు. అసలు ఊపిరే ఆపేశాడు. నేను డాష్‌బోర్డు పట్టుకొని కూర్చున్నాను. ఎందుకు పట్టుకున్నానంటే మలుపు కాబట్టి.

దాటింది.

కోతులు గోడెక్కి మా కోసం ఎదురుచూస్తున్నాయి. ఆగకుండా పోతుంటే నిరాశపడ్డాయి. ఆ తర్వాత మలుపులు వరసగా వచ్చి వరసగా వెనక్కి పోయాయి. మెట్ట మీద, మబ్బు పక్కన, కంటి ఓడ బూడిద రంగు గుమ్మడికాయలా వేలాడుతోంది. ఎలా ఉందని పైడయ్య అడిగాడు. గుమ్మడికాయలా ఉందన్నాను. దిష్టి తీసేదేనా అన్నాడు.

"గమ్యస్థానం చేరుకున్నారు" అంది దొరసాని. "వాహనం యథాప్రకారం సంపూర్ణ ఆరోగ్యంతో ఉంది."

చతుర్దశి

పొద్దున ఆపరేషన్ చేశారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, ఆవలిస్తూ వచ్చి, ఆవలిస్తూ వెళ్లింది. పని బాగానే జరిగిందంది. పైడయ్య లోపల ఉన్నంతసేపూ నా చెయ్యి పట్టుకుంటానన్నాడు. నన్ను లోపలికి రానివ్వలేదు. బయట కూర్చొని ఈ పుస్తకం తెరిచాను, ఏమీ రాయలేదు. రాయడానికి ఏమీ లేక కాదు.

పౌర్ణమి

పొద్దున కట్లు విప్పారు. కాసేపు కళ్లు మూసుకునే ఉన్నాడు. తెరవమంటే తెరిచాడు. ముందు తనూజని చూశాడు. ఇంత ఎత్తు ఎప్పుడెదిగావే అన్నాడు, దాని తల మీద చెయ్యి పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు.

"సెల్లెమ్మా, నువ్వింత ముసిలిదానివైపోనావేటి? నా కళ్లు బాగున్నప్పుడు బాగానే ఉండేదానివి."

ముందు అద్దంలో మీ కనుబొమలు వెతుక్కోండి, తర్వాత నా సంగతి చూద్దురుగాని అన్నాను. గొంతు అనుకున్నంత గట్టిగా రాలేదు. కొండ మీద చలి.

కంటి ఓడ వాళ్లు తాళ్లు సర్దుకుంటున్నారు. మేం దిగడానికి సిద్ధమయ్యాం. పైడయ్య బండెక్కకుండా దాని చుట్టూ తిరిగాడు. ఇన్నేళ్లూ చేతులతోనే ఎరిగిన బండిని కళ్లతో చూడాలనుకున్నాడు కాబోలు, ఊరుకున్నాను. సొట్టలు చూశాడు, లైట్లు చూశాడు. కుడి వైపుకి వచ్చి ఆగాడు. మూత తీసి, ఒక కన్ను దగ్గర పెట్టి లోపలికి చూశాడు. మోకాళ్ల మీద కూర్చొని, వంగి, గొట్టం వెంట కిందికి చూశాడు. గిన్నె కనపడింది. గొట్టం అక్కడితో ఆగిపోవడం కనపడింది. గిన్నెలో ఊరి వాళ్ల చిటికెళ్లతో పాటు మొన్న తను వేసిన గుప్పెడు ఉంది.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఏం చెప్పాలో సిద్ధం చేసుకున్నాను. పసుపుపిండి సారాలో కరగదనే దగ్గర మొదలుపెట్టాలనుకున్నాను.

పైడయ్య లేచి, మోకాళ్లు దులుపుకున్నాడు. మొలలోంచి పొట్లం తీశాడు. గుప్పెడు కాదు, చిటికెడే వేశాడు. మూత జాగ్రత్తగా బిగించి, దణ్ణం పెట్టుకొని, నా చెవి దగ్గరికి వచ్చాడు.

"ఇది ఎక్కడికీ పోదని ఊళ్లో ఎవులికీ సెప్పకు సెల్లెమ్మా. పాపం, నమ్ముకున్నారు."

చెప్పనని మాటిచ్చాను. బండెక్కాం. దొరసాని తాళం తిప్పగానే స్టార్టయింది.

మాటిచ్చాను గాని జరిగింది జరిగినట్టు రాయమన్నది కమిటీ వారే. రాశాను. చదివినవాళ్లు నోరు మూసుకొని, గిన్నె నిండితే ఖాళీ చేసే వంతు ఎవరిదో తేల్చవలసిందిగా మనవి.